డిజైన్ గీసే ముందు వార్డుకు రండి

ఇంజినీరింగ్ విద్యార్థులారా, అధ్యాపకులారా!

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కిలోంబావు బరువు. పాదం మన బొటనవేలంత. ఆ పాదానికి ఆక్సిజన్ కొలిచే సెన్సర్, ఛాతీ మీద ఈసీజీ ప్యాచులు, అన్నిటికీ తీగలు. టేపు ఊడదీస్తే చర్మం పొర కూడా లేచొస్తుంది. తల్లి గుండెలకు హత్తుకోబోతే తీగలు అడ్డం.

చిన్న పరికరం అనగానే సర్క్యూట్‌ను కుదించడమే అనుకుంటాం. చిప్ ఎంత చిన్నదైనా ఆ జిగురు, ఆ తీగ అలాగే ఉంటే బిడ్డకు ఒరిగేదేముంది? అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ రోజర్స్ బృందం 2019లో ఈ పసికందుల కోసమే తీగల్లేని, చర్మంలా వంగే సెన్సర్లు చేసింది. 2025లో బియ్యపుగింజ కంటే చిన్న పేస్‌మేకర్‌ను చూపించింది. పని అయ్యాక అది ఒంట్లోనే కరిగిపోతుంది.

అంత దూరం ఎందుకు? ఒకప్పుడు హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు 3 కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. అక్కడి ఎముకల డాక్టర్ ఒకాయన అబ్దుల్ కలాం ప్రయోగశాలకు వెళ్లి, అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి! పదార్థం అంతకుముందే ఉంది, అదీ అదే ఊళ్లో.

ఇవాళ విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, హైదరాబాద్ దగ్గరి సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. మన ఫైనలియర్ ప్రాజెక్టు మాత్రం ల్యాబ్‌లో పుట్టి వైవాతో చస్తోంది.

అందుకే అడుగుతున్నాం. బయోమెడికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు నెల రోజుల వార్డు పోస్టింగ్ తప్పనిసరి చేయండి. అందులో ఒక్క నైట్ డ్యూటీ అయినా ఉండాలి. స్టోర్‌రూమ్‌లో మూలపడ్డ యంత్రాలను విప్పి చూడనివ్వండి. ప్రాజెక్టు రివ్యూలో నర్సు కూడా మార్కులు వేయాలి. పరికరాన్ని రోజుకు పదిసార్లు తుడిచేదీ, తగిలించేదీ ఆమే కదా.

నవజాత శిశువుల ప్రత్యేక విభాగం (ఎస్ఎన్‌సీయూ)లో గుంపు చేరితే ఇన్‌ఫెక్షన్ వస్తుందని డాక్టర్లు అంటారు. నిజమే. ఇద్దరిద్దరే రండి. మోచేతుల దాకా చేతులు కడుక్కోండి, ఫోన్ బయటే పెట్టండి. ఏదైనా చూడాలంటే ముందు ఆ తల్లిని అడగండి.

— కొందరు నర్సులు, పరికరాల టెక్నీషియన్లు