ప్రశ్నించే హక్కు ఉంది, చేయెత్తే హక్కు లేదు



ఆసుపత్రి అంటే బాధ తగ్గించే చోటు అని మనమందరం నమ్ముతాం. ఆ చోటనే డాక్టర్ల మీద, సిస్టర్ల మీద దాడులు జరిగాయన్న వార్తలు ఈమధ్య తరచుగా చదవవలసి వస్తోంది. 2020 ఏప్రిల్ 1న హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో కోవిడ్ రోగి ఒకరు చనిపోయినప్పుడు, బంధువు డ్యూటీలో ఉన్న వైద్యుల మీద చేయి చేసుకున్నాడు. 2023 మే 10న కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో, గాయానికి వైద్యం చేయించడానికి పోలీసులు తీసుకొచ్చిన మనిషి చేతిలోనే డాక్టర్ వందనా దాస్ అనే యువ హౌస్ సర్జన్ ప్రాణాలు కోల్పోయింది. 2024 నవంబరులో చెన్నై గిండీలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక రోగి కుమారుడు క్యాన్సర్ డాక్టరును కత్తితో పొడిచాడు. తమ ఉద్యోగ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక దాడికి గురయ్యే వైద్య సిబ్బంది నూటికి 8 నుంచి 38 మంది వరకు ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తిట్లు, బెదిరింపులు ఈ లెక్కకు అదనం.

ఇది డాక్టర్ల గొడవ, మనకెందుకులే అని మీరు అనుకోవచ్చు. కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

దెబ్బ చివరికి ఎవరికి తగులుతుంది?

కోపం వచ్చినవారికి ఎదురుగా కనబడేది పెద్ద డాక్టరు కాదు. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు, వార్డు ఆయా, గేటు దగ్గరి వాచ్‌మన్, చదువు ముగించుకొని కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు. మందుల ధర నిర్ణయించేది వీళ్ళు కాదు, మంచాలు ఖాళీ లేకపోవడానికి కారణం కూడా వీళ్ళు కాదు. అయినా ముందు మాట పడేదీ, ముందు దెబ్బ తినేదీ వీళ్ళే.

ఆ దెబ్బ అక్కడితో ఆగదు. ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో అద్దాలు పగిలాయనుకోండి. మరుసటి వారం అర్ధరాత్రి పాము కరిచిన పిల్లవాడిని అక్కడికి తెస్తారు. విషానికి విరుగుడు ఇంజెక్షను ఎంత త్వరగా పడితే అంత మేలు. కానీ గతవారం సంగతి గుర్తున్న డ్యూటీ డాక్టరు, "మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొండి" అనవచ్చు. అది సరి అని మేము అనడం లేదు. భయపడిన మనిషి అలా చేస్తాడని చెబుతున్నాం. పెద్దాసుపత్రి అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ రాత్రి దెబ్బ తగిలేది గతవారం గొడవతో ఏ సంబంధమూ లేని ఆ తల్లికి. దాడి జరిగిన ఆసుపత్రిలో నష్టపోయేది ఆ తరువాత వచ్చే రోగి. అతడు మన వీధివాడే కావచ్చు, మన సంఘస్థుడే కావచ్చు.

కోపం ఎక్కడ పుడుతుంది?

కోపానికి కారణాలు ఉంటాయి. వాటిని కాదనడం న్యాయం కాదు. క్యాజువాలిటీలో మన తరువాత వచ్చినవారిని ముందు చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అక్కడ వరస వచ్చిన సమయాన్ని బట్టి ఉండదు, ప్రాణాపాయాన్ని బట్టి ఉంటుంది. కాలు విరిగి ఏడుస్తున్నవాని కంటే, ఛాతీ పట్టుకొని మౌనంగా చెమటలు కక్కుతున్నవాడు ముందు లోపలికి పోతాడు. ఈ సంగతి గోడ మీద రాసి ఉంచితే, నోటితో ఒకసారి చెబితే సగం గొడవలు అక్కడే చల్లారతాయి.

మరో ఉదాహరణ పురుగుమందు కేసు. మన పల్లెల్లో ఇది తెలియని కుటుంబం అరుదు. మందు తాగినవానికి కడుపు కడిగి ఇంజెక్షన్లు ఇస్తే మరునాటికి లేచి మాట్లాడతాడు. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. కానీ కొన్ని రకాల పురుగుమందుల్లో, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి తీసే కండరాలు నీరసించి మనిషికి హఠాత్తుగా శ్వాస ఆడకపోవచ్చు. వెంటనే వెంటిలేటరు మీద పెట్టకపోతే ప్రాణం దక్కదు, పెట్టినా కొందరు దక్కరు. ఈ సంగతి మొదటిరోజే చెప్పకపోతే కుటుంబం ఏమనుకుంటుంది? "నిన్న బాగా మాట్లాడాడు, ఈరోజు ఏదో ఇంజెక్షను వేసి చంపేశారు" అనుకుంటుంది. చెప్పవలసిన మాట చెప్పవలసిన సమయంలో చెప్పకపోవడం దాడికి సాకు కాదు. కానీ దాడిని ఆపగలిగిన మందు అదే.

ఇలాంటి కేసుల్లోనూ, ప్రమాదాల్లోనూ పోలీసులకు తెలియజేయడం, పోస్టుమార్టం తరువాతే దేహాన్ని అప్పగించడం చట్టం పెట్టిన పద్ధతి. దేహం ఆలస్యంగా ఇస్తున్నారని సిస్టరు మీద విరుచుకుపడితే ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

రోగే తిరగబడితే?

ఒక్కోసారి చేయెత్తేది బంధువు కాదు, రోగే. తలకు దెబ్బ తగిలినవారు, చక్కెర బాగా పడిపోయినవారు, తీవ్ర జ్వరంలో ఉన్నవారు తమకు తెలియకుండానే తన్నవచ్చు, కొరకవచ్చు. అది నేరం కాదు, జబ్బు లక్షణం.

వీటిలో కుటుంబం ముందే ఆపగలిగినది ఒకటి ఉంది. రోజూ సారా, బ్రాందీ అలవాటున్న మనిషి కాలు విరిగి ఆసుపత్రిలో చేరతాడు. తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండవ రోజు నుంచి నాలుగవ రోజు లోపల చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనబడటం, చివరికి సెలైను గొట్టాలు పీకి సిస్టరు మీదికి పోవడం జరగవచ్చు. ఫిట్స్ కూడా రావచ్చు, ప్రాణానికే ముప్పు. ముందే తెలిస్తే విటమిన్ బి1, నిద్ర మందులు ఇచ్చి దీన్ని చాలావరకు నివారించవచ్చు. అయితే సంఘంలో మాట వస్తుందని, పాస్టరుగారికి తెలుస్తుందని మన కుటుంబాలు తాగుడు సంగతి దాచిపెడతాయి. దయచేసి దాచవద్దు. డాక్టరు తీర్పు తీర్చడానికి అడగడం లేదు. ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు అన్న రెండు ముక్కలు చెవిలో చెప్పినా చాలు.

చట్టం ఏమంటోంది?

ఆసుపత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడులను నివారించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే ప్రత్యేక చట్టం చేసింది. డాక్టర్లకే కాక నర్సులకు, నర్సింగు విద్యార్థులకు, ఇతర వైద్య సిబ్బందికీ అది వర్తిస్తుంది. దాడి చేస్తే 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా. ఇది బెయిలు సులువుగా దొరకని నేరం. పగలగొట్టిన సామగ్రి విలువకు రెట్టింపు పరిహారం కూడా కట్టాలి. కోపంలో చేయెత్తిన కుర్రవాడు ఉద్యోగం, చదువు పోగొట్టుకోవచ్చునని ఇంట్లో పెద్దలు గుర్తు చేయాలి.

అయితే చట్టం దాడి జరిగాక వచ్చేది. చట్టం ఉండగానే పైన చెప్పినవన్నీ జరిగాయి. కాబట్టి జైలు భయం ఒక్కటే సరిపోతుందని మేము నమ్మడం లేదు. మా అభిప్రాయం ఒక్కటే: కుటుంబం అడిగే ప్రశ్నకు ఆసుపత్రిలో చోటు ఉండాలి. ప్రశ్నకు జవాబు దొరికే చోట చెయ్యి లేవడం తగ్గుతుంది.

యోహాను సువార్తలోని మార్తను తలచుకోండి. తన సహోదరుడు చనిపోయాక వచ్చిన ప్రభువుతో, మీరు ముందే ఇక్కడ ఉంటే ఇలా జరిగేది కాదన్నట్టుగా ఆమె మాట్లాడింది. ఈ రోజుల్లో ప్రతి క్యాజువాలిటీలో వినిపించే మాట అదే. ప్రభువు ఆమెను గద్దించలేదు. విన్నాడు, జవాబిచ్చాడు, ఏడ్చాడు కూడా. గెత్సేమనేలో మాత్రం, ఆయనను కాపాడాలనే ప్రేమతోనే శిష్యుడు కత్తి దూసి ఒక దాసుని చెవి నరికితే, ఆయన అక్కడే ఆపాడు. ఆ చెవిని బాగుచేసిన సంగతి నాలుగు సువార్తల్లోనూ వైద్యుడైన లూకా ఒక్కడే రాశాడు. ప్రేమ ఎంతటిదైనా అది కత్తికి అనుమతి కాదు. దుఃఖంలో అడిగిన ప్రశ్న మాత్రం పాపం కాదు.

ఆసుపత్రులు చేయవలసినవి

ప్రశ్నకు చోటు అంటే ఏమిటి? విషమంగా ఉన్న రోగి గురించి పూటకొకసారైనా కుటుంబానికి చెప్పే మనిషి ఉండాలి. చావు కబురు వరండాలో నిలబడి చెప్పకూడదు. ఒక గదిలో కూర్చోబెట్టి, సీనియరు డాక్టరే చెప్పాలి, మంచినీళ్ళు ఇవ్వాలి. ఖర్చు ఎంతవుతుందో ముందుగా చెప్పాలి, పెరిగితే పెరిగిన రోజే చెప్పాలి.

సిబ్బంది భద్రత కూడా యాజమాన్యాల బాధ్యతే. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఆర్.జి.కర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య బంధువుల కోపం వల్ల జరిగినది కాదు. కానీ రాత్రిపూట పనిచేసే ఆడపిల్లలకు ఆసుపత్రిలో క్షేమంగా నడుం వాల్చే చోటైనా ఉందా అని దేశమంతా అడిగేలా చేసింది. సుప్రీంకోర్టు ఆ నెలలోనే వైద్య సిబ్బంది భద్రతపై జాతీయ కార్యదళాన్ని నియమించింది. లోపల గడియ ఉన్న విశ్రాంతి గది, వెలుతురున్న దారి, రాత్రి వార్డులో ఒంటరిగా ఎవరినీ ఉంచకపోవడం, పిలిస్తే పలికే వాచ్‌మన్, ఇవి కోర్టు చెప్పేదాకా ఆగవలసిన పనులు కావు. ఒక సిస్టరును ఎవరైనా బూతులు తిడితే "సర్దుకుపో అమ్మా" అనడం మానాలి. రిజిస్టరులో రాయాలి, అవసరమైతే యాజమాన్యమే ఫిర్యాదు చేయాలి.

కుటుంబాలకు, సంఘాలకు మా మనవి

ఆసుపత్రికి వచ్చినప్పుడు కుటుంబం తరపున మాట్లాడటానికి ఒకరిని ఎంచుకోండి. పదిమంది పది ప్రశ్నలు వేస్తే ఒక్కదానికీ సరైన జవాబు రాదు. పాత చీటీలు, వాడుతున్న మాత్రలు వెంట తెండి. అర్థం కానిది మళ్ళీ అడగండి. సిస్టరుకు తెలియకపోతే ఇన్‌చార్జి సిస్టరును, ఆ తరువాత సూపరింటెండెంటుగారిని కలవండి. వార్డులో సెల్‌ఫోనుతో వీడియోలు తీయకండి, పక్క మంచం మీద ఉన్నది మరొకరి తల్లి.

వైద్యంలో తప్పు జరిగిందని మీకు గట్టిగా అనిపిస్తే మౌనంగా ఉండమని మేము చెప్పం. కేసుషీటు నకలు రాసి అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పునిచ్చింది. జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు. పగిలిన అద్దం మీ పక్షాన సాక్ష్యం చెప్పదు. కేసుషీటు చెబుతుంది.

సంఘ పెద్దలకు, పాస్టరుగార్లకు ఒక మాట. ఎవరైనా విషమంగా ఉన్నారని తెలిస్తే ప్రార్థనకు వచ్చినప్పుడే కుటుంబంలోని పడుచువాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. చావు కబురు వచ్చే గడియలో వారి భుజం మీద మీ చెయ్యి ఉంటే, ఆ చెయ్యి మరొకరి మీద లేవదు. అంత్యక్రియలకు వందమంది వస్తారు. ఆ ముందు రాత్రి ఇద్దరు వస్తే చాలు.

మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ళ ఇంటికి చేర్చి, మరునాడు తన దారిన వెళ్ళాడు. ఆ తరువాత రోజుల తరబడి కట్లు మార్చి, గంజి తాగించిన పూటకూళ్ళవాని పేరు మనకు తెలియదు. ఈ రాత్రి మీ వార్డులో మేలుకొని ఉన్న సిస్టరు అలాంటిదే. ఆమె మీ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆమె భయం లేకుండా ఇంటికి చేరాలి. ఈ రెండూ జరిగే ఆసుపత్రులను ప్రభువు మనకు దయచేయును గాక.