గొంతు కూడా అమానతే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు వేలాదిమంది. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో యోగక్షేమాలకు ఉత్తరమే ఆధారం. చదువు రానివారు దానిని మరొకరితో చదివించుకోవాలి; అప్పుడు ఇంటి గుట్టు ఇంట్లో నిలవదు. ఆ కొరతను తీర్చింది క్యాసెట్. అక్కడి మనిషి తన మాటలను టేపులో నింపి, సెలవుపై ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవాడు. ఇక్కడ తల్లి, భార్య బీడీలు చుడుతూనే అతని సలామును, దగ్గును, నిట్టూర్పును వినేవారు.

ఆ క్యాసెట్ రూపకర్త లూ ఒట్టెన్స్ అనే ఇంజనీరు. ఆయన 1926లో నెదర్లాండ్స్‌లో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దేశం జర్మన్ల ఆక్రమణలో ఉండగా, లండన్ నుండి వచ్చే డచ్ ప్రసారాలను తల్లిదండ్రులతో కలిసి రహస్యంగా వినడానికి, ఇంకా కుర్రవాడైన ఆయన స్వయంగా ఒక రేడియో తయారుచేశారు. దూరాన ఉన్నవారి గొంతు ఇంటికి ఎంత ధైర్యమిస్తుందో ఆయనకు ఆ వయసులోనే తెలిసింది.

1952లో ఆయన ఫిలిప్స్ సంస్థలో చేరారు. ఆనాటి టేప్ రికార్డర్లు బరువైనవి. పెద్ద చక్రాలకు చుట్టిన టేపును చేతితో ఎక్కించవలసి వచ్చేది. ఒట్టెన్స్ తన కోటు జేబులో పట్టే చెక్కముక్కను కొలతగా పెట్టుకుని, పరికరం అంతకు మించరాదని నిశ్చయించారు. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో క్యాసెట్ లోకానికి పరిచయమైంది. సామాన్యుల ఇళ్ళకు ఖుర్ఆన్ పారాయణం, ధార్మిక ప్రసంగాలు చేరడానికి కూడా అదే సాధనమైంది. తరువాత సీడీ రూపకల్పనలోనూ పాలుపంచుకున్న ఒట్టెన్స్, 2021 మార్చి 6న 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆనాటి క్యాసెట్లు నేటికీ కొన్ని ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. మాట్లాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. సన్నని ప్లాస్టిక్ పట్టీకి పూసిన ఇనుప ఆక్సైడు పొరలో అయస్కాంత శక్తి రూపంలో ఆ గొంతు నిలిచి ఉంది. వేడి, తేమ, అయస్కాంతం దానికి శత్రువులు. పాతబడిన యంత్రంలో తొందరపడి పెడితే టేపు చిక్కుకుని తెగిపోవచ్చు. ముందుగా పనికిరాని క్యాసెట్‌తో యంత్రాన్ని పరీక్షించి, ఆపైన కంప్యూటరులోకి ఎక్కించి, రెండు చోట్ల భద్రపరచాలి.

అయితే ఇందులో మరొక బాధ్యత ఉంది. భర్త భార్యకు ఏకాంతంలో చెప్పిన మాట అమానత్. తండ్రి గొంతు దొరికిందన్న సంతోషంతో పిల్లలు దానిని వాట్సాప్ గ్రూపులో పెట్టడం తగదు. అమ్మ ఉన్నట్లయితే, ముందు ఆమెను ఒంటరిగా విననివ్వండి. పిల్లలు వినదగినదేదో, తనతోనే ఉండవలసినదేదో ఆమె చెబుతుంది.