అరకులోయలో నాలుగు దినములు

గత మాసమున మేము ప్రయాణమునకు మూటాముల్లె సర్దుకొనుటను గూర్చి నాలుగు మాటలు వ్రాసితిమి. ఆ మూటను విప్పిన చోటును గూర్చి ఈ మాసమున వ్రాయుచున్నాము. ఆ చోటు అరకులోయ. విశాఖపట్టణమునకు 110 కిలోమీటర్లకు పైబడిన దూరమున, సముద్రమట్టమునకు 900 మీటర్లకు మించిన యెత్తున, తూర్పుకనుమల నడుమ నున్న చిన్న పట్టణమిది. 2022వ సంవత్సరము నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నది.

మనవారు అరకునకు పోవు విధము మీరెరుగనిది కాదు. తెల్లవారుజామున మోటారెక్కి, బొఱ్ఱాగుహలలోనికి తొంగిచూచి, కాఫీతోటలో ఒక చిత్రమును, పద్మాపురము తోటలో ఒక చిత్రమును తీయించుకొని, చీకటిపడక మున్నే కొండ దిగివత్తురు. మేమును మొదటిసారి అట్లే చేసితిమి. "ఏమి చూచి వచ్చితిరే?" యని పొరుగింటి వృద్ధురాలు అడుగగా, దారిలో తిన్న పదార్థముల పేర్లు తప్ప చెప్పుటకు మాకేమియు దొరకలేదు. ఆ సిగ్గుచేతనే గత కార్తీకమున మరల పోయి, నాలుగు దినములు నిలిచి, ఊరివారు నడచు త్రోవలనే నడచి వచ్చితిమి.

ఈసారి మోటారు మాని రైలెక్కితిమి. ఈ యినుపదారి యాత్రికుల కొఱకు వేసినది కాదు. బైలదిల్లా గనుల యినుపరాతిని విశాఖ రేవునకు దించి జపాను దేశమునకు పంపుటకై 1960 దశాబ్దిలో దీనిని నిర్మించిరి. కొండలను తొలిచి ఏబదికి పైగా సొరంగములు చేసిరి. దారిలోని శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల యెత్తున నున్నది. కాశ్మీరపు రైలుదారి తెరువబడువరకు మన దేశమున పెద్దపట్టాల దారిపై ఇంతకంటె నెత్తయిన స్టేషను లేదు. 2017 నుండి అద్దపు పైకప్పు గల పెట్టెయు ఈ దారిని నడచుచున్నది. మేము మాత్రము సాధారణపు పెట్టెలో కూర్చుంటిమి. చిన్న చిన్న స్టేషనులలో బుట్టలతోను చంటిబిడ్డలతోను స్త్రీలు ఎక్కుచు దిగుచు నుండిరి. సొరంగము వచ్చినప్పుడెల్ల మా పిల్లలు కేకలు వేయుచుండగా, ఎదుటనున్న ముసలమ్మ నవ్వుచు మాకొక సీతాఫలమును చేతబెట్టినది. అరకుతో మాకైన మొదటి పరిచయమదియే.

ఊరిని తెలిసికొనగోరువారు ముందుగా సంతకు పోవలెను. ఆ ప్రాంతమున ఒక్కొక్క యూర ఒక్కొక్క దినమున వారపు సంత జరుగును. మీరు దిగిన చోట ముందే విచారించి, ప్రయాణము నా దినమునకు తగినట్లు అమర్చుకొనుడు. కొండపల్లెల నుండి స్త్రీలు చోళ్లు, సామలు, అల్లము, పసుపు, పిప్పళ్లు, చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకుల కట్టలు తెచ్చి, నేలపై పోగులుగా పెట్టి కూర్చుందురు. వారిలో వారు ఆదివాసీ ఒరియాలో మాటలాడుకొనుచు, మనతో తెలుగున బేరము చెప్పుదురు. అమ్మగా వచ్చిన సొమ్ముతో ఉప్పు, నూనె, సబ్బు, ఎండుచేపలు కొనుక్కొని సాయంకాలమునకు కొండ యెక్కుదురు. అనగా, మనకు వేడుకయైన యా సంత వారికి వారము దినముల సంసారము.

మాలో నొకతె చీపురుకట్ట కొఱకు గట్టిగా బేరమాడి, చెప్పిన వెలలో సగమునకు దించి మిక్కిలి సంతోషించినది. ప్రక్కనే సామలు కొలుచుచున్న స్త్రీని మేము, "ఆ గడ్డి ఎక్కడిది?" యని యడిగితిమి. "కొండమీద కోసి, ఎండబెట్టి, దులిపి, కట్టాలమ్మా. ఊరికే రాదు" అని యామె తల యెత్తకయే చెప్పినది. మా చెలికత్తె మరి మాటలాడక తగ్గించిన సొమ్మును తిరిగి యిచ్చివేసినది. పట్టణములోని పెద్ద యంగడిలో అచ్చువేసిన వెలను నోరెత్తక చెల్లించు మనము, నేలపై కూర్చున్నవారి యొద్దనే నేర్పు చూపుట యేల?

రెండవ దినమున సుంకరిమెట్ట వైపు కాఫీతోటలకు పోతిమి. ఎత్తైన సిల్వరు ఓకు చెట్లు పైన గొడుగు పట్టును. వాని మ్రానులను మిరియపుతీగెలు అల్లుకొనును. వాని నీడను కాఫీచెట్లు పెరుగును. ఒకే నేలపై మూడంతస్తుల యిల్లువంటి సేద్యమిది. కార్తీకము మొదలు పండ్లు ఎఱ్ఱబాఱును. అన్నియు నొక్కసారి పండవు గావున, పచ్చివానిని విడిచి ఎఱ్ఱవానిని మాత్రమే చేతితో ఏరవలెను. పిమ్మట తోలు తీసి, జిగురు పోవ కడిగి, ఎండబెట్టవలెను. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఏరువారిలో స్త్రీలే యెక్కువగా కనబడిరి. ఉదయకాలమున మనము తొందరలో మ్రింగు గ్రుక్కెడు కాఫీలో ఎందరి వ్రేళ్ల శ్రమ యున్నదో అచ్చట చూచిననే తెలియును.

ఇక మేము దాచక చెప్పవలసిన మాట యొకటి కలదు. ఆ కాలమున అరకు కొండవాలులన్నియు వలిసె పూలతో పసుపు ఆరబోసినట్లుండును. మూడవ దినము ఉదయమున మంచు విచ్చునప్పటికి ఒక చేని యొద్దకు చేరితిమి. పిల్లలు కేరింతలు కొట్టుచు లోనికి పరుగెత్తిరి. వారిని పిలువవలసిన మేమే, వెనుకనే పోయి, పూలనడుమ నిలిచి చిత్రములు తీసుకొంటిమి. తిరిగి చూచునప్పటికి మా వెనుక నాలుగు బారల దారి ఏర్పడియుండెను. గట్టుపై ఒక స్త్రీ నిలిచి చూచుచుండెను. ఆమె తిట్టలేదు. "పువ్వు తొక్కితే గింజ రాదమ్మా. ఈ గింజే మాకు నూనె" అని మాత్రమే అన్నది.

వలిసె పూలు తోటమాలి వేడుకకు పెంచినవి కావు. అవి నూనెగింజల పంట. వానలలో విత్తి, పూవు రాలి గింజ ముదిరిన పిమ్మట కోసి, ఆడించి నూనె తీయుదురు. మా వంటయింటిలోనికి ఎవరో వచ్చి నూనెకుండను తన్నిపోయిన మేమూరకుందుమా? మేము కొంత సొమ్ము ఇవ్వజూపితిమి. ఆమె తీసికొన్నది. తీసికొనుటయే న్యాయము. ఇటీవల కొందరు రైతులు చిత్రములు తీసుకొనువారి వద్ద స్వల్పపు రుసుము పుచ్చుకొనుచున్నారు. అది అత్యాశ యని గొణుగువారిని మేము వింటిమి. పంట నష్టపోయిన వారి లెక్కలో నది అత్యాశ కాదు. ఆ మధ్యాహ్నము మా పిల్లవాడు, "ఆమె మనలను కొట్టలేదేమి?" యని యడిగెను. మేమేమి చెప్పగలము? "మనకు సిగ్గుండునని నమ్మినది" అంటిమి.

భోజనము సంగతి. మాంసాహారులు పచ్చి వెదురుబొంగులో కోడిమాంసము కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పులపై కాల్చు వంటకమును రుచిచూడవచ్చును. అందు నూనె బొట్టైన వేయరు. శాకాహారులకు చోడంబలియు, సామల యన్నమును చాలును. మేము సంతలో కొన్న అడ్డాకుల కట్టను వెంట నుంచుకొని, దారిలో వానిలోనే వడ్డించుకొంటిమి. కాగితపు పళ్లెములు, ప్లాస్టిక్కు సంచులు కొండపై విడిచి రావలసిన పని లేకపోయినది.

పిల్లలు గల తల్లులకు మఱొక హెచ్చరిక. చాపరాయి యొద్ద నీరు విశాలమైన రాతిపలకపై జారిపోవుచు చూచుటకు మిక్కిలి యింపుగా నుండును. కాని నాచుపట్టిన రాయి కంటికి పొడిరాతివలెనే కనబడును. ఊరి పిల్లలు అడుగుపెట్టని చోట మన పిల్లలను పెట్టనీయకుడు. సాయంకాలము నుండి చలి హెచ్చును, ఉన్నిబట్టలు వలయును. ఏజెన్సీ ప్రాంతము గావున మలేరియాను మఱవక దోమతెరను గొనిపొండు.

చివరి రాత్రి మేము దిగిన చోట ధింసా నాట్యము జరిగినది. స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవైచి, తుడుము మ్రోతకు అడుగు కలుపుచు, వంకలు తిరిగిన నదివలె సాగిరి. పెండ్లిండ్లలోను పండుగలలోను తమ కొఱకు తాము ఆడుకొను నాట్యమది. మాకొఱకు కూలికి ఆడిరి. పిలిచిన పిమ్మట మేమును వరుసలో చేరితిమి. మా యడుగు తప్పినపుడు ప్రక్కనున్న యామె నడుము పట్టి సరిచేసినది. ఆట ముగిసినంతనే లేచిపోక, వారి కష్టమునకు తగిన సొమ్ము వారి చేతికే యందినదా యని విచారించితిమి. చిత్రము తీయుటకు ముందు అడిగితిమి. ఒకతె వలదన్నది, మానితిమి.

1959 నాటి శాసనమును 1970లో సవరించిన పిదప ఆ ప్రాంతపు భూమిని గిరిజనేతరులు కొనుటకు వీలులేదు. ఊరివారు దానిని "వన్ ఆఫ్ సెవంటీ" యందురు. ఆ నేల చట్టప్రకారముగను వారిది, చెమట ప్రకారముగను వారిది. మనము చుట్టములము. చుట్టపుచూపుగా పోయినవారు గుమ్మముకడ కాళ్లు కడుగుకొని, పెట్టినది తిని, వంటయింటిలోనికి పిలువనిదే పోరు గదా. మన యింటికి వచ్చువారినుండి మనము కోరు మర్యాదయే కొండమీదను చెల్లును.

వచ్చినంతనే పొరుగింటి వృద్ధురాలు మరల అడిగినది. ఈసారి చెప్పుటకు మాకు ఒక ప్రొద్దంతయు పట్టినది. వలిసె చేని సంగతి వినునప్పటికి ఆమె చేతిలోని వత్తి చేయుట ఆపి, "వచ్చేయేడు పోయినపుడు నన్నును తీసికొనిపొండు. నేను గట్టుమీదనే నిలుతును" అన్నది.