కరపత్రం చూసి కాదు, థియేటర్ చూసి చేర్పించండి

ఇంటర్ ఫలితాలు వెలువడగానే జుమా నమాజు ముగించి వచ్చేవారి చేతుల్లో కరపత్రాలు పెట్టడం ఏటా మనం చూస్తున్నదే. ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కోర్సు, రెండేళ్లలో ఉద్యోగం, మైనారిటీలకు ప్రత్యేక రాయితీ అని అందులో ఉంటుంది. కళాశాలకు ఆసుపత్రి ఉందా అన్నది మాత్రం ఉండదు.

ఈ చదువును మేము తక్కువ చేయడం లేదు. బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు అందని మన బిడ్డలకు ఇది గౌరవప్రదమైన జీవనోపాధి. శస్త్రచికిత్సకు పరికరాలు సిద్ధపరచడం, ఆటోక్లేవ్‌లో వాటిని శుద్ధి చేయించడం, కుట్లు వేసి మూసేముందు సూదులు, గాజుగుడ్డ ముక్కలు లెక్క సరిచూడటంలో తోడ్పడటం వీరి పని. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలోనూ ఈ లెక్కకు చోటుంది. లెక్క తప్పితే గుడ్డముక్క రోగి కడుపులోనే మిగిలిపోవచ్చు. ఇంతటి బాధ్యతను అద్దె గదుల్లో, నల్లబల్ల మీద బొమ్మలు గీసి నేర్పగలరా?

మా వద్దకు వచ్చిన ఒక ఆటో డ్రైవరు కుమార్తె రెండేళ్లు చదివింది, ఫీజులు చెల్లించింది. చివరకు తేలిందేమిటంటే, ఆ కళాశాలకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకే అనుమతి ఉంది. ఆమె చదివిన కోర్సుకు లేదు. గోడకు వేలాడదీసిన అనుమతి పత్రం నిజమైనదే. దానిలోని కోర్సు పేరును ఎవరూ చదవలేదు. దస్త్రాల మధ్యనే ఉద్యోగజీవితం గడిపిన మాకు ఆ తండ్రి ముఖం చూడటం కష్టమైంది.

“మనవారి కళాశాల కదా” అన్న నమ్మకమే ఇక్కడ పెట్టుబడి అవుతోంది. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కునిచ్చింది. మన బిడ్డలనే మోసగించే హక్కును ఇవ్వలేదు. ఆ హక్కును కాపాడుకోవాలంటే, దాని పేరుతో జరిగే వ్యాపారాన్ని ముందుగా ప్రశ్నించవలసింది మనమే.

కనుక తల్లిదండ్రులకు మా మనవి. రాష్ట్ర పారామెడికల్ బోర్డు అనుమతి ఈ కోర్సుకు, ఈ సంవత్సరానికి ఉందో లేదో బోర్డు వద్దనే విచారించండి. అనుబంధ ఆసుపత్రికి స్వయంగా వెళ్లండి. థియేటర్లు ఎన్ని, రోజుకు ఎన్ని ఆపరేషన్లు జరుగుతాయి, విద్యార్థులను లోనికి అనుమతిస్తారా అని అడగండి. 2021 నాటి జాతీయ చట్టం ఇటువంటి డిప్లొమాకు కనీసం 2,000 గంటల శిక్షణ ఉండాలంటోంది. వాటిలో థియేటర్ గంటలెన్నో అడగండి. పాత విద్యార్థులతో మాట్లాడండి. ఫీజుకు రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావని గుర్తుంచుకోండి.

ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనూ పారామెడికల్ డిప్లొమాలు ఉన్నాయి. బీసీ-ఇ 4 శాతం రిజర్వేషన్ కోసం ఇంతగా పోరాడిన మనం, ప్రవేశ ప్రకటన వెలువడిన రోజున దరఖాస్తు నింపడానికి బద్ధకిస్తే ఆ పోరాటానికి అర్థమేముంది?

మస్జిద్ కమిటీలు అనుమతి పత్రం చూడనిదే ఏ కళాశాల కరపత్రాన్నీ తమ ప్రాంగణంలో పంచనివ్వరాదు. మైనారిటీ సంక్షేమ శాఖ ప్రతి జిల్లా కార్యాలయంలో, కోర్సులవారీగా అనుమతి పొందిన కళాశాలల జాబితాను తెలుగులోనూ ఉర్దూలోనూ గోడకు అంటించాలి. దీనికి నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలు. ఆ శ్రద్ధ కనబరిచేవరకు మేము అడుగుతూనే ఉంటాం.