గాలిమర కింద డీకేటీ పట్టా

ఆషాఢం వచ్చిందంటే మన సీమలో గాలికి అడ్డూ ఆపూ ఉండదు. పశ్చిమ కనుమల అవతల వానంతా కురిపించేసి, ఉత్త చేతులతో మన మీదికి వచ్చే గాలి అది. మలబారుకు వాన, మనకు దుమ్ము. చెనిక్కాయ విత్తి ఆకాశం వైపు చూసే మనోళ్లు ఆ గాలిని తిట్టినట్టు ఇంక దేన్నీ తిట్టి ఉండరు. ఇప్పుడు ఆ గాలికే రేటు వచ్చింది.

ఇది నిన్నా మొన్నా మొదలైన కథ కాదు. ధర్మవరం, పెనుకొండల నడుమ రామగిరి గుట్టల మీద గాలిమరలు 1990ల నడిమి నుంచే తిరుగుతున్నాయి. అప్పట్లో మర పెట్టిన కంపెనీకి, దాని ఖరీదంతా మొదటి ఏడే లెక్కలో తరుగు రాసుకొని పన్ను తప్పించుకునే వీలు కేంద్ర సర్కారు ఇచ్చింది. కరెంటు కోసం కంటే పన్ను కోసం మర పెట్టినోళ్లు ఎంతమందో ఆ తరం అధికారులకే తెలియాలి. రామగిరిలో బంగారు గని నడిచినన్నాళ్లు బంగారం పోయింది, గని మూతపడింది. ఆ చుట్టుపక్కల మన వాడల్లో మాత్రం అవే గుడిసెలు, అదే కూలి. ఇప్పుడు గాలి పోతున్నది.

గాలి అందరిదే కదా, పోతే మనకేం నష్టం అనేవాళ్లున్నారు. నష్టం గాలిలో లేదు, మర నిలబడిన నేలలో ఉంది. ఆ నేల ఎవరిది? ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగుదాం.

పేదలకు భూమి పంచామని సర్కార్లు చెప్పుకునే రోజుల్లో మాలమాదిగలకు ఇచ్చినదేమిటి? ఊరి చెరువు కింద మడి ఇచ్చారా? బావి ఉన్న తోట ఇచ్చారా? గుట్ట వార, రాళ్ల మిట్ట, ఎద్దు కాలు మోపితే గిట్ట అరిగే నేల ఇచ్చి చేతిలో డీకేటీ పట్టా పెట్టారు. ఆ రాళ్లు ఏరి గట్లు వేసింది మన అవ్వాతాతలు. ఊళ్లో పెద్దరైతులు ఆ నేల వైపు కన్నెత్తి చూడలేదు. "మీకదే ఎక్కువ" అన్నారు. అయితే గాలి బాగా తగిలేది మిట్టకే గానీ మడికి కాదు. నలభై ఏళ్లు పనికిరాని భూమి అనిపించుకున్నది ఒక్కసారిగా అందరికంటే పనికొచ్చే భూమి అయి కూచుంది. అయిన మరుక్షణం అది మనది కాదని చెప్పే మనుషులు జీపుల్లో దిగారు.

ఒక ఊళ్లో మేము కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన చెప్పిన మాట ఇది. బ్రోకరు వచ్చి, "తాతా, ఇది సర్కారు భూమి, అమ్మే హక్కు నీకు లేదు, ఇచ్చింది తీసుకో, లేకుంటే అదీ పోతుంది" అన్నాడట. పక్క చేలో పట్టా భూమి ఉన్న రెడ్డిగారికి మాత్రం అదే బ్రోకరు ఇంటికి పోయి, కాఫీ తాగి, బేరం ఆడి రేటు తేల్చుకున్నాడు. మర ఒకటే, గాలి ఒకటే, నేల నడుమ గట్టు ఒకటే. రేటు మాత్రం రెండు.

అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం 1977లో వచ్చింది. అప్పుల కింద మన భూమిని షావుకార్లు, భూస్వాములు రాయించుకోకుండా కాపాడటానికి తెచ్చిన చట్టం అది. మనకు గొడుగుగా ఇచ్చిన కర్రతోనే ఇప్పుడు మనల్ని కొడుతున్నారు. కానీ 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చి చెప్పింది: సర్కారు ప్రజా అవసరానికి అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే, పట్టాదారుకు ఇచ్చినంత పరిహారం అసైనీకీ ఇవ్వాలి. ఈ తీర్పు పేరు ప్రతి వాడలో నోటికి రావాలి. తహసీల్దారు ఆఫీసులో "మీకు రాదు" అన్నవాడి ముందు ఈ పేరు చెప్పి చూడండి, గొంతు మారుతుంది. అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకోవచ్చని 2023లో చట్టం మార్చారు. మనకు హక్కు వచ్చిందని సంతోషించేలోపే ఆ భూముల మీద పెద్దల చేతులు పడ్డాయి. అక్రమాలు జరిగాయంటూ 2024లో వచ్చిన సర్కారు రిజిస్ట్రేషన్లు ఆపింది. అమ్ముకునే హక్కు ఎవరికి ముందు ఉపయోగపడుతుందో ఇక్కడే తేలిపోయింది.

పట్టా ఉన్నవాడి గతి ఇది. పట్టా లేకుండా రెండు తరాలుగా దున్నుకుంటున్నవాడి పేరు అడంగల్లో ఉండదు, పరిహారం జాబితాలో ఉండదు. ఆడవాళ్ల పేరు అంతకన్నా ఉండదు. మేకలు కాసుకునేవాడి మాట సరేసరి. చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి కథ మీలో చాలామందికి తెలుసు. రికార్డుల్లో బంజరు అని రాసిన గుట్టలను ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1990ల మొదటి నుంచి కాపాడి అడివి చేశారు. గడ్డి, ఈత, కట్టె, వంకల్లో నీళ్లు తెచ్చుకున్నారు. అక్కడికి మరలు వచ్చాయి. రెక్కలు మోసే పెద్ద లారీల కోసం గుట్టలు తొలిచి దారులు వేశారు, మట్టి వంకల్లో పడింది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోవాల్సి వచ్చింది. బొగ్గు కరెంటుకు పర్యావరణ అనుమతి కావాలి గానీ గాలి కరెంటుకు ముందస్తు అనుమతి అక్కరలేదు. అంటే బహిరంగ విచారణ లేదు. మన మాట చెప్పే ఆ ఒక్క రోజు కూడా లేదు.

సోలారు సంగతి ఇంకో రకం. మరల నడుమ మేకన్నా పోతుంది. కదిరి వైపు ఎన్.పి.కుంటలో వేల ఎకరాల సోలారు పార్కులో పలకల చుట్టూ కంచె ఉంటుంది.

ఇదంతా చదివి మేము గాలిమరలకు శత్రువులమని అనుకోవద్దు. బొగ్గు పొగతో వేడెక్కి కరువు ముదిరితే ముందు ఎండేది మన కడుపే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖతో పాటు నీళ్లు, కరెంటు చూసింది బాబాసాహెబ్ అంబేడ్కరే. కరెంటు చవకగా, పుష్కలంగా రావాలని, అది సర్కారు చేతిలోనే ఉండాలని ఆయన 1943లోనే వాదించాడు. జయంతి సభల్లో దండలు వేసే నాయకులు ఈ ముక్క మాత్రం ఎత్తరు.

సముద్రం గాలి దండిగా ఉండే డెన్మార్కు దేశం చూడండి. వాళ్ల కరెంటులో సగానికి పైగా గాలిదే. 2000లో కోపెన్‌హేగెన్ ఒడ్డున 20 మరలు పెడితే, అందులో సగం ఎనిమిది వేలకు పైగా మామూలు జనం వాటాలు వేసుకొని పెట్టిన సహకార సంఘానివి. 2009లో చట్టమే చేశారు: కొత్త మర పెడితే ఐదో వంతు వాటా ముందు చుట్టుపక్కల కాపురముండేవాళ్లకు అమ్మజూపాలని. తర్వాత ఆ పద్ధతి మార్చారు గానీ, పదేళ్లు నడిచింది. అక్కడ కొనడానికి జనం దగ్గర డబ్బుంది, ఇక్కడ లేదంటారా? మనకు 2013లో చేసిన ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. ఆ డబ్బు అందరికీ వేసే రోడ్ల లెక్కలో కలిపేయకుండా, మన మిట్ట మీద నిలిచే మరలో మన సంఘానికి వాటా కొనమని ఎందుకు అడగకూడదు? భూమి అమ్మకుండా లీజుకే ఇస్తామని, ఏటేటా డబ్బు రావాలని, లీజు తీరాక నేల మనకే రావాలని ఎందుకు పట్టుబట్టకూడదు?

తప్పు మనలోనూ ఉంది. ట్రాక్టరు కాంట్రాక్టు ఒకడికి, రాత్రి వాచ్‌మన్ పని ఇద్దరికి ఇస్తే సంఘం నోరు మూసుకున్న ఊళ్లు మాకు తెలుసు. ధర్మవరంలో మగ్గం ఆడక, హిందూపురం ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పిల్లలు నిలబడి తిరిగొస్తుంటే, ఆ వాచ్‌మన్ పని పెద్దదిగానే కనిపిస్తుంది. వాళ్లను తిట్టడానికి మాకు నోరు రాదు. వాచ్‌మన్ జీతం తీసుకుంటూనే లీజు రేటు అడగొచ్చు గదా అన్నదే మా మాట.

మీ ఊరికి జీపు వస్తే ఒక్కొక్కరుగా మాట్లాడొద్దు, వాడంతా కూర్చొని మాట్లాడండి. పట్టా, 1బి, అడంగల్ నకళ్లు తీసి పెట్టుకోండి. మీ సర్వే నంబరు నిషేధ జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. ఏ కాగితం మీదా అక్కడికక్కడ వేలిముద్ర వేయొద్దు. రెండు రోజులు గడువు అడిగి, చదువుకున్న పిల్లల చేత గట్టిగా, అందరికీ వినబడేటట్టు చదివించండి. చదివేవాళ్లు లేకుంటే కబురు చేయండి, మేమే వచ్చి చదువుతాం.