సర్వే ఫామ్ పక్కన పెట్టండి... ఓపీ హాల్లో కూర్చోండి!

'ఎ స్టడీ ఆన్ పేషెంట్ శాటిస్‌ఫాక్షన్ విత్ రిఫరెన్స్ టు...' ఎంబీఏ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకి ఈ టైటిల్ కొత్త కాదు. ఆ చుక్కల దగ్గర ఏదో ఒక ఆస్పత్రి పేరు ఉంటుంది. లోపల వంద మందితో సర్వే, ఐదు పాయింట్ల స్కేలు, రంగురంగుల పై చార్టులు. చివరి అధ్యాయంలో 'సిబ్బంది రోగులతో మర్యాదగా మాట్లాడాలి', 'పార్కింగ్ సదుపాయం పెంచాలి' అంటూ సూచనలు. బైండింగ్, గైడ్ సంతకం, వైవా. అయిపోయింది! ఆ రిపోర్టును ఆస్పత్రిలో ఒక్కరైనా తెరిచి చూశారా అంటే... మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను చదివింది ఇంజినీరింగ్, రాసేది టెక్ బ్లాగ్. అయినా ఏటా ప్రాజెక్టుల సీజన్ రాగానే బిజినెస్ విద్యార్థుల నుంచి మెసేజ్‌లు వస్తుంటాయి. 'అన్నా, హెల్త్‌కేర్ మీద మంచి టాపిక్ చెప్పండి' అని కొందరు, 'అన్నా, రెడీగా ఉన్న రిపోర్టు పీడీఎఫ్ పంపండి' అని ఇంకొందరు. రెండోవాళ్లకి నేను చేయగలిగింది ఏమీ లేదు. మొదటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఒక ఆస్పత్రిలో ఒక నిజమైన సమస్య మీద ఆరు వారాలు కూర్చుని పనిచేస్తే, మీ రెజ్యూమెలో ఉన్న ఆన్‌లైన్ సర్టిఫికెట్లన్నిటికన్నా అదే ఎక్కువ బరువు తూగుతుంది. ఒకటే షరతు. మీరు కనుక్కోబోయే జవాబు కోసం ఆస్పత్రిలో ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి.

డిశ్చార్జ్ అన్నారు... ఇంటికెప్పుడు?

ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉండి వచ్చారా? అయితే ఇది మీకు అనుభవమే. పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ 'ఇవాళ వెళ్లిపోవచ్చు' అంటారు. బ్యాగ్ సర్దుకుని కూర్చుంటే సాయంత్రం అవుతుంది. ఆ మధ్యలో ఏం జరుగుతుంది? డిశ్చార్జ్ సమ్మరీ టైపు కావాలి, దాన్ని డాక్టర్ చూసి సంతకం పెట్టాలి. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి. ల్యాబ్ బిల్లులు ఎక్కాలి. బీమా ఉంటే ఫైలు కంపెనీకి వెళ్లి అనుమతి రావాలి. ఒక్కో మెట్టు దగ్గర ఎంతసేపు పడుతోందో చాలాచోట్ల ఎవరి దగ్గరా లెక్క ఉండదు. ఫార్మసీని అడిగితే బిల్లింగ్ అంటారు, బిల్లింగ్‌ని అడిగితే బీమా అంటారు.

ఇక్కడ మీకు పని ఉంది. ఒక నోట్‌బుక్ తీసుకోండి. యాభై డిశ్చార్జ్‌లకి ప్రతి మెట్టు దగ్గర టైమ్ రాయండి. అంతే. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు.

దీనికి నియంత్రణ సంస్థ నిబంధన కూడా తోడుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆరోగ్య బీమాపై ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. క్యాష్‌లెస్ చికిత్స కోసం వచ్చిన విన్నపంపై గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ అప్పుడు ఆస్పత్రి నుంచి రిక్వెస్ట్ అందాక 3 గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. అంతకన్నా ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఆ భారం బీమా కంపెనీదే. ఒక్క మాట గమనించండి. ఆ 3 గంటల గడియారం ఆస్పత్రి రిక్వెస్ట్ పంపాకే మొదలవుతుంది. పంపడానికి ముందు ఎంతసేపు పోయింది? ఆ సమయం ఆస్పత్రి ఖాతాలోదే. మీ యాభై ఎంట్రీలు దాన్ని విడదీసి చూపిస్తే, అది మేనేజ్‌మెంట్ కూర్చుని చదివే రిపోర్టు అవుతుంది.

ఇది రోగికి కూడా చిన్న విషయం కాదు. మంచం ఖాళీ కాకపోతే ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద ఉన్న మనిషిని వార్డుకి తీసుకెళ్లలేరు. మీరు తగ్గించే ప్రతి గంటా అవతల ఇంకొకరికి దక్కుతుంది.

మీ పుస్తకంలో ఉన్న సూత్రమే

ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో లిటిల్స్ లా చదివే ఉంటారు. 1961లో జాన్ లిటిల్ దానికి గణిత నిరూపణ ఇచ్చారు. గంటకి ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు సగటున ఎంతసేపు ఉంటున్నారో గుణిస్తే, లోపల సగటున ఎంతమంది ఉంటారో తెలుస్తుంది. పరీక్షలో రెండు మార్కులకి రాసి మర్చిపోయే సూత్రం.

దీన్నే ఓపీ హాల్లో పెట్టి చూడండి. గంటకి 40 మంది వస్తున్నారు, ఒక్కొక్కరు 2 గంటలు ఉంటున్నారు అనుకుందాం. హాల్లో 80 మంది ఉంటారు. కుర్చీలు 60 ఉంటే 20 మంది నిలబడాలి. రోగితో వచ్చినవాళ్లని లెక్కలోకి తీసుకోకుండానే! 'కుర్చీలు పెంచాలి' అని సూచన రాయడం సులువు. కుర్చీలు పెంచితే నిలబడేవాళ్లు కూర్చుంటారు, నిరీక్షణ మాత్రం అలాగే ఉంటుంది. అదే ఆ 2 గంటలని గంటన్నరకి తెస్తే హాల్లో ఉండేది 60 మందే. ఒక్క కుర్చీ కొనకుండా సమస్య తీరిపోయింది. ఆ అరగంట ఎక్కడ దొరుకుతుంది? రిజిస్ట్రేషన్ దగ్గరా, రక్త పరీక్ష రిపోర్టు దగ్గరా, డాక్టర్ ఆలస్యంగా రావడం దగ్గరా? అది వెతకడమే మీ ప్రాజెక్టు.

'మనకి మెడిసిన్ తెలీదు కదా'

ఈ భయం చాలామందిలో చూశాను. మందు రాయమని మిమ్మల్ని ఎవరూ అడగరు. కానీ వైద్యం చుట్టూ ఉన్న పని అంతా మేనేజ్‌మెంటే. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆస్పత్రిని ప్రపంచంలోని పెద్ద పెద్ద బిజినెస్ స్కూళ్లు పాఠంగా చెబుతున్నాయి. సర్జన్ ఒక ఆపరేషన్ ముగించే సరికి పక్క టేబుల్ మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటారు. సర్జన్ సమయం వృథా కాకుండా పనిని పంచుకోవడంలోనే ఆ కిటుకంతా ఉంది.

అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. 108 అంబులెన్స్ సేవ హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. కాల్ ఎవరు తీసుకోవాలి, ఏ బండి పంపాలి, బండి ఎక్కడ నిలిపి ఉంచాలి... ఇవన్నీ ఆపరేషన్స్ ప్రశ్నలే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ తీసుకోండి. ప్యాకేజీ రేట్లు, ముందస్తు అనుమతి, క్లెయిముల చెల్లింపు, ఆస్పత్రిలో రోగికి దారి చూపే ఆరోగ్యమిత్ర. ఇందులో సగం ఫైనాన్స్, సగం సర్వీస్ డిజైన్.

మీ స్పెషలైజేషన్‌కి ఏం దొరుకుతుంది?

* ఫైనాన్స్: ఒక ఆపరేషన్‌కి ఆస్పత్రికి నిజంగా అయ్యే ఖర్చెంత, ప్యాకేజీలో వచ్చేదెంత? తిరస్కరణకు గురైన క్లెయిముల్లో ఎన్ని కేవలం కాగితాల లోపం వల్ల పోయాయి?
* హెచ్ఆర్: నర్సుల డ్యూటీ రోస్టర్. ఏ షిఫ్టులో ఒక్కొక్కరి మీద ఎంతమంది రోగుల భారం పడుతోంది? మానేసినవాళ్లు ఏ షిఫ్టుల్లో పనిచేశారు?
* మార్కెటింగ్: అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్లు ఎందుకు రావట్లేదు? ముందురోజు తెలుగులో ఒక మెసేజ్ పంపితే తేడా వస్తుందా?
* అనలిటిక్స్: ఫార్మసీలో గడువు దాటి పారేస్తున్న మందులు ఏవి, ఎందుకు?

ఒక్క ప్రశ్న చాలు. నాలుగూ పట్టుకుంటే ఏదీ తేలదు.

ఈ ఒక్క ప్రాజెక్టు మాత్రం వద్దు

కొన్నిచోట్ల 'కన్వర్షన్' పెంచే మార్గం చెప్పమంటారు. అంటే ఓపీకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడ్మిట్ అయ్యేలా చూడటం. మార్కెటింగ్ పుస్తకంలో ఈ మాట చాలా మామూలుగా కనిపిస్తుంది. చెప్పుల షాపులో మామూలే కూడా. ఆస్పత్రిలో అలా కాదు. అడ్మిషన్ అవసరమో కాదో తేల్చాల్సింది డాక్టర్, మీ ఎక్సెల్ షీట్ కాదు. అవసరం లేని అడ్మిషన్ అంటే ఒక కుటుంబం తెచ్చుకునే అప్పు. అలాంటి పని ఇస్తే 'సార్, ఆపరేషన్ చెప్పినా ఫాలో-అప్‌కి రానివాళ్లు ఎందుకు రావట్లేదో చూస్తాను' అని మర్యాదగా ప్రశ్న మార్చండి. ఒప్పుకోకపోతే వేరే ఆస్పత్రి చూసుకోండి. ఉద్యోగంలో చేరాక ఇలాంటివి ఎదురవుతాయి. వద్దని చెప్పడం చదువుకునే రోజుల్లోనే అలవాటైతే మంచిది.

లోపలికి ఎలా వెళ్లాలి?

కార్పొరేట్ ఆస్పత్రి హెచ్ఆర్‌కి వంద మెయిళ్లు పెట్టి జవాబు రాలేదని కూర్చోకండి. మీ ఊళ్లో యాభై పడకల నర్సింగ్‌హోమ్, డయాగ్నస్టిక్ సెంటర్, డయాలసిస్ కేంద్రం ఉంటాయి. ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉన్నా, దానికి సిద్ధమవుతున్నా, ఆ ఆస్పత్రి నిరీక్షణ సమయం లాంటి లెక్కలు చూపించాల్సి ఉంటుంది. క్వాలిటీ విభాగం వాళ్లకి మీలాంటి మనిషి అవసరం. కాలేజీ లెటర్‌తో పాటు ఒకే ఒక్క పేజీ పట్టుకెళ్లండి. ఏ ప్రశ్న, ఎన్ని వారాలు, ఏ సమాచారం కావాలి, చివర్లో వాళ్లకి ఏం ఇస్తారు. అంతే రాయండి.

డేటా విషయంలో జాగ్రత్త. రోగి పేరు, ఫోన్ నంబర్ మీ షీట్‌లో ఉండకూడదు. సీరియల్ నంబర్ చాలు. కేస్‌షీట్ ఫొటో తీయొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఆస్పత్రి ఫైలుని తీసుకెళ్లి ఏఐ చాట్‌బాట్‌లో పడేసి 'అనలైజ్ చెయ్యి' అనొద్దు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, అది ఇంకొకరి జబ్బు వివరం. మీ అమ్మ రిపోర్టు అయితే ఎక్కడ పెట్టనిస్తారో అక్కడే పెట్టండి.

తప్పు విద్యార్థులదేనా?

కాదు. గైడ్‌కి ఇరవై రిపోర్టులు ఇచ్చి సంతకాలు పెట్టమంటే ఆయన మాత్రం ఏం చదువుతారు? వైవాలో 'ఆస్పత్రి నుంచి ఎవరు ఈ రిపోర్టు తీసుకున్నారు? దాంతో ఏం చేశారు?' అని కాలేజీలు రెండు ప్రశ్నలు అడిగితే చాలు, కొన్న రిపోర్టులు సగం ఆగిపోతాయి. ఆస్పత్రుల వైపూ తప్పుంది. ఇంటర్న్ అని పిలిచి రెండు నెలలు రిసెప్షన్‌లో టోకెన్లు రాయించుకోవడం ప్రాజెక్టు కాదు, జీతం లేని ఉద్యోగం. మొదటి వారంలోనే మీ ప్రశ్న మీద పని మొదలవకపోతే గైడ్‌కి చెప్పండి.

'రేపు నాకు బ్యాంకులోనో, ఐటీ కంపెనీలోనో ఉద్యోగం వస్తే ఇదంతా దేనికి?' అంటారా? లోన్ ఫైలు ఏ టేబుల్ మీద ఆగింది, సపోర్ట్ టికెట్ ఎందుకు మూడు రోజులు పడుకుంది అన్నవీ ఇలాంటి ప్రశ్నలే. ఇంటర్వ్యూలో 'శాటిస్‌ఫాక్షన్ లెవెల్ హై అని తేలింది సార్' అంటే తర్వాతి ప్రశ్న రాదు. 'యాభై డిశ్చార్జ్‌లు లెక్కపెట్టాను, ఎక్కువ సమయం సంతకం దగ్గరే పోతోంది, ఒక మార్పు ప్రయత్నించాం, రెండు వార్డుల్లో పనిచేసింది, మూడో వార్డులో చేయలేదు' అని చెప్పి చూడండి. 'మూడో వార్డులో ఎందుకు చేయలేదు?' అని అడుగుతారు. అక్కడినుంచి మాట్లాడేది మీరే.

టాపిక్ ఫామ్ ఇంకా నింపలేదుగా? రేపు పొద్దున తొమ్మిదింటికి మీ ఊరి ఆస్పత్రి ఓపీ హాల్లో గంటసేపు కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి, ఎవరు ఎక్కడ ఎంతసేపు ఆగుతున్నారో చూడండి. టాపిక్ అక్కడే దొరుకుతుంది.