గంగ నీళ్ల పంపకంలో గట్టు మీద వాళ్ల మాట ఎవరు వింటారు?

భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య ఉన్న గంగా జలాల ఒప్పందానికి 2026 డిసెంబరుతో గడువు తీరుతుంది. 1996 డిసెంబరు 12న ఢిల్లీలో అప్పటి ప్రధానులు దేవెగౌడ, షేక్ హసీనా దానిమీద సంతకాలు చేశారు. ముప్పై ఏళ్ల ఒప్పందం అది. ఇద్దరికీ సమ్మతమైతే పొడిగించుకోవచ్చు. ఉన్నదాన్నే కొనసాగించాలా, మార్చి రాసుకోవాలా అన్నది తేల్చేది ఇంజినీర్లు, దౌత్యాధికారులు. ఆ నీటి మీద బతికే రైతులకు, జాలర్లకు, పడవవాళ్లకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. 1996లోనూ లేదు.

అట్లాసు తెరిచి చూడండి. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలో గంగ రెండుగా చీలుతుంది. ఒక పాయ భాగీరథి, హుగ్లీ పేర్లతో కోల్‌కతా వైపు వెళ్తుంది. పెద్ద ప్రవాహం పద్మ పేరుతో బంగ్లాదేశ్‌లోకి పోతుంది. చీలే చోటికి కాస్త ఎగువన, సరిహద్దుకు ఇరవై కిలోమీటర్ల లోపే, ఫరక్కా బ్యారేజీ ఉంది. కోల్‌కతా రేవులో పేరుకుపోతున్న పూడికను కడిగేందుకు 40,000 క్యూసెక్కుల వరకు నీటిని కాలువలోకి మళ్లించాలని దాన్ని కట్టారు. (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు.) 1975లో అది వాడుకలోకి వచ్చింది. వానాకాలంలో పంపకం తగువు ఉండదు, నీళ్లు ఇద్దరికీ మించిపోతాయి. తగువంతా జనవరి నుంచి మే దాకా.

ఆ ఐదు నెలల్నీ ఒప్పందం పదేసి రోజుల భాగాలుగా విడదీసింది. ఫరక్కా దగ్గర 70,000 క్యూసెక్కులు, అంతకు తక్కువ ఉంటే చెరి సగం. 70,000 నుంచి 75,000 వరకు ఉంటే బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలింది మనకు. 75,000 దాటితే మనకు 40,000, మిగిలింది వాళ్లకు. మార్చి 11 నుంచి మే 10 దాకా ఇంకో నియమం ఉంది. ఒక పది రోజులు ఒకరికి, మరుసటి పది రోజులు ఇంకొకరికి 35,000 క్యూసెక్కులు తప్పనిసరిగా అందాలి. నీరు 50,000 కంటే తక్కువకు పడిపోతే రెండు ప్రభుత్వాలూ వెంటనే మాట్లాడుకోవాలి. ఇందుకు ఆధారంగా తీసుకున్నవి 1949 నుంచి 1988 వరకు నది పారిన తీరు లెక్కలు. అంటే 2026లో పారే నదిని మీ తాతల కాలం నాటి కొలతలతో పంచుతున్నామన్నమాట.

లెక్క సరిగ్గా జరుగుతోందా అని చూడటానికి సంయుక్త కమిటీ ఉంది. ఫరక్కా దగ్గర, బంగ్లాదేశ్‌లోని హార్డింజ్ వంతెన దగ్గర రోజూ కొలుస్తారు. ఏటా నివేదిక వెళ్తుంది, కానీ రెండు ప్రభుత్వాలకే. మన దేశంలో గంగ, బ్రహ్మపుత్ర, సింధు పరీవాహక ప్రాంతాల ప్రవాహ గణాంకాలను రహస్య సమాచారంగా పరిగణిస్తారు. తమ ఊరి పక్క నదిలో ఈ పది రోజుల్లో ఎన్ని క్యూసెక్కులు పారాయో ముర్షిదాబాద్ రైతు మన ప్రభుత్వాన్ని అడిగి తెలుసుకోలేడు.

పైగా క్యూసెక్కుల లెక్కలో పట్టనివి చాలా ఉన్నాయి. యానాం పిల్లలకు పులస గురించి నేను చెప్పాల్సిన పని లేదు. గోదావరికి ఎదురీదే ఆ చేపనే బెంగాలీలు ఇలీష్ అంటారు. బ్యారేజీ రాకముందు అది గంగలో అలహాబాద్ దాకా వెళ్లేది, ఇప్పుడు ఫరక్కా దాటడం గగనమైపోయింది. బీహార్ జాలర్ల ఆ నష్టం ఒప్పందంలో ఏ నిబంధన కిందికీ రాదు. బ్యారేజీకి ఎగువన మాల్దా జిల్లాలో నది గట్టు కోసుకుపోయి ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. పూడిక వల్ల వరదలు పెరుగుతున్నాయని, బ్యారేజీని తీసేయాలని 2016లో బీహార్ ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ అడిగారు. అటు బంగ్లాదేశ్ నైరుతిలో, గంగ నుంచి చీలే గొరాయి పాయ ఎండాకాలంలో సన్నబడి, ఖుల్నా వైపు ఉప్పునీరు లోపలికి తోసుకొస్తోంది.

వీళ్ల గొంతు ఎప్పుడూ వినపడలేదని కాదు. 1976 మే 16న, తొంభై దాటిన మౌలానా భాషానీ వేలమందిని వెంటబెట్టుకుని రాజ్‌షాహీ నుంచి ఫరక్కా వైపు నడిచారు. మాట చెప్పుకునే దారి లేనప్పుడు జనం రోడ్డెక్కుతారు. దారి ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఉత్తర అమెరికాకు వెళ్లాలి.

అమెరికా, కెనడాల సరిహద్దు జలాల ఒప్పందం 1909 నాటిది. దాని కింద ఏర్పడిన ఉమ్మడి కమిషన్‌లో ఇటు ముగ్గురు, అటు ముగ్గురు సభ్యులు. తన ముందుకు వచ్చిన విషయంలో సంబంధం ఉన్నవాళ్లందరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. అంటే ఇది అధికారుల దయ కాదు, రాతలో ఉన్న హక్కు. ఒంటారియో సరస్సు నీటిమట్టాన్ని నియంత్రించే పాత పద్ధతిని మార్చడానికి ఆ కమిషన్ ఏళ్ల తరబడి అధ్యయనాలు చేసింది, ఊరూరా సభలు పెట్టింది. 2017 జనవరిలో కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. ఆ ఏడాదే సరస్సు పొంగింది, 2019లో మళ్లీ పొంగింది. ఒడ్డున ఇళ్లున్నవాళ్లు కొత్త పద్ధతినే తిట్టిపోశారు. న్యూయార్క్ రాష్ట్రం కమిషన్ మీద కోర్టుకు కూడా వెళ్లింది. కనుక జనాన్ని పిలిస్తే గొడవ ఉండదని ఎవరూ భ్రమపడక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ సరస్సు మట్టం ఎంతో అందరికీ తెలుసు, కాబట్టి పోట్లాట అంకెల మీద జరుగుతుంది. ఇక్కడ అనుమానాల మీద జరుగుతోంది.

అంకెలు బయటపెడితే ప్రతి ఎండాకాలమూ రాజకీయం అవుతుందని, చర్చల్లో పట్టువిడుపులు కుదరవని కొందరు అధికారులు అంటారు. ఈ భయం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. 2011లో తీస్తా ఒప్పందం పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతో చివరి నిమిషంలో ఆగిపోయింది, ఇప్పటికీ కుదరలేదు. కానీ నాకు తోచేది వేరు. సొంత రాష్ట్రాన్నే చివర్లో కదిలిస్తే జరిగేది అదే. 2024 జూన్‌లో గంగ ఒప్పందం పొడిగింపు మీద సాంకేతిక చర్చలు జరుపుతామని రెండు దేశాలూ ప్రకటించగానే, తమను సంప్రదించలేదని మమతా బెనర్జీ ప్రధానికి లేఖ రాశారు. పాఠం నేర్చుకున్నట్టు లేదు.

వంశధార నీళ్ల కోసం ఒడిశా, ఆంధ్రప్రదేశ్ తగువు పడితే ట్రైబ్యునల్ వచ్చింది, వాదనలు విన్నది. గంగ ఒప్పందంలో అలాంటి మెట్టు కూడా లేదు. అందుకే ఒప్పందంలో ఏం రాసుకుంటారన్నదే కీలకం. బంగ్లాదేశ్ 2025లో ఐక్యరాజ్యసమితి జల ఒడంబడికలో చేరింది. దక్షిణాసియాలో చేరిన మొదటి దేశం అదే. నదుల పరిస్థితిపై సమాచారం ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఆ ఒడంబడిక చెబుతుంది. మనం అందులో లేము. అందులో చేరకపోయినా, పదేసి రోజుల కొలతలను ఏ నెలకానెల ప్రచురించడానికి, సంతకానికి ముందు మాల్దాలోనూ ఖుల్నాలోనూ బహిరంగ విచారణ పెట్టడానికి అడ్డేమీ లేదు. ఐదేళ్లకోసారి సమీక్ష జరపాలన్న నిబంధన ఇప్పటి ఒప్పందంలోనే ఉంది. ఆ సమీక్షను నాలుగు గోడల మధ్య నుంచి గట్టు మీదికి తేవడమే మిగిలింది.

2027 జనవరి 1న ఫరక్కా దగ్గర ఎప్పటిలాగే కొలత మొదలుపెట్టాల్సిన రోజు వస్తుంది. ఆ రోజుకు చేతిలో ఏ కాగితం ఉంటుందన్నది ఈలోపు తేలాలి.